తాయారమ్మ గారు అప్పగించిన పనసకాయ

ఈ ఉదయం మా వీధి చివర కూరల బండి దగ్గర పనసకాయ కొడుతున్న చప్పుడు వినిపించింది. టకటకమని, మధ్యలో ఊపిరి తీసుకోనంత వేగంగా. లేత పనసకాయ తెగినప్పుడు వచ్చే పచ్చి వాసన, దాని పాల జిగురు వాసన, కత్తికి రాసిన నూనె వాసన కలిసి గాలిలో తేలుతున్నాయి. నేను కొనడానికి వెళ్ళింది తోటకూర. బండి అతను “పొట్టు కట్టమంటారాండి, ఇప్పుడే కొట్టింది” అన్నాడు. వద్దన్నాను. వద్దని కూడా అక్కడే నిలబడ్డాను. ఆ చప్పుడు వింటే నాకు కాళ్ళు కదలవు. దానికీ నా కాపురానికీ ఉన్న సంబంధం చెప్పాలంటే ముందు తాయారమ్మ గారి గురించి చెప్పాలి. ఆవిడకి పిల్లల్లేరు, దగ్గరి చుట్టాలూ లేరు. నేను చెప్పకపోతే ఇంక చెప్పేవాళ్ళు లేరు.

తొంభైలలో కొవ్వూరులో గోదావరి రేవుకు వెళ్ళే వీధిలో ఆవిడ మెస్సు నడిపేవారు. బోర్డు ఉండేది కాదు. మధ్యాహ్నం వేళ గుమ్మం ముందు ఎన్ని జతల చెప్పులుంటే అదే బోర్డు. ఆఫీసుల్లో పనిచేసే ఒంటరివాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు, రేవులో స్నానానికి వచ్చిన పల్లెటూరి వాళ్ళు అందరూ ఆ పొడుగాటి హాలులో నేలమీద కూర్చుని అరిటాకుల్లో తినేవారు. తాయారమ్మ గారు పొట్టిగా, బొద్దుగా, ఎప్పుడూ కొంగు నడుముకు దోపుకుని ఉండేవారు. చిన్న వయసులోనే భర్త పోయాడు. నోరు మాత్రం దేవుడు ఇద్దరికి సరిపడా ఇచ్చాడు. ఉద్యోగస్తుడు పెరుగు వద్దంటే “ఏం, మీ ఆఫీసరు వద్దన్నాడా?” అనేవారు. అయినా వడ్డించేటప్పుడు ఎవరి ఆకులో ఏది తరిగిందో ఆ కళ్ళకి ముందే తెలిసిపోయేది.

నేను ఆవిడ దగ్గర పనికి చేరింది మా ఆయన జైలుకి వెళ్ళాక. ఆయన పేరు సత్యం. నిడదవోలు అవతల ఒక పల్లెలో కౌలు వ్యవసాయం చేసేవాడు. ఒక ఏడు దాళ్వాకి, అంటే వేసవి వరిపంటకి, కాలవలో నీళ్ళు తక్కువగా వచ్చాయి. చేలోకి నీళ్ళు మళ్ళే బోదె దగ్గర నీటి వంతు కోసం పక్క చేను రైతుతో మాటామాటా పెరిగింది. కొబ్బరి బొండాలు కొట్టుకోవడానికి తీసుకెళ్ళిన కత్తి చేతిలో ఉంది. ఒక్క దెబ్బ. ఆ మనిషి బతకలేదు. కేసు అబద్ధమని, మా ఆయన అమాయకుడని నేను అప్పుడూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. చంపాడు. శిక్ష పడింది. నాకు మూడేళ్ళ ఆడపిల్ల, పద్మ. తణుకులో బియ్యం వ్యాపారం చేసుకునే మా అన్నయ్య తన ఇంటికి వచ్చేయమన్నాడు. నాకు మనసొప్పలేదు. కొవ్వూరులో ఉంటే బ్రిడ్జి దాటి రాజమండ్రి జైలుకి ములాఖత్‌కి వెళ్ళిరావచ్చు. ఆ ఒక్క లెక్కతో పిల్లని ఎత్తుకుని వచ్చి ఆ వీధిలో ఒక గది తీసుకున్నాను.

పనిలో చేరిన మొదటి రోజు కూరలు తరుగుతూ ఏడ్చాను. ఎవరూ చూడకుండా ఏడుస్తున్నాననుకున్నాను. తాయారమ్మ గారు నా పక్కనుంచి పులుసు గిన్నె పట్టుకెళ్తూ ఆగారు.

“ఇక్కడ కాదే. పొయ్యి దగ్గరకెళ్ళి ఏడువు. పొగనుకుంటారు” అన్నారు.

అంతే. ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. నా సంగతి ఆవిడకి ముందే తెలుసని తర్వాత అర్థమైంది. ఆ వీధిలో తెలియనిది ఎవరికి గనక. తెలిసినా నాచేత అన్నం వార్పించారు, వడ్డన చేయించారు. ఒక పెద్దమనిషి గొణిగితే “చేతులు కడుక్కుని వండుతోందండి. మీరు చేతులు కడుక్కుని కూర్చున్నారా?” అని అడిగారు. ఆయన నిజంగానే లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. అప్పటినుంచి నాకు ఆవిడంటే భయం కాస్త తగ్గి, ఇష్టం చాలా పెరిగింది.

పద్మ పెద్దదవుతుంటే నాన్న ఎక్కడని అడగడం మొదలుపెట్టింది. మా అన్నయ్యే కువైట్‌లో ఉన్నాడని చెప్పాడు. మా వైపు ఇంటికొకరు గల్ఫ్ వెళ్ళేవాళ్ళు కాబట్టి ఆ మాట ఎవరికీ అనుమానం రానిది. పిల్ల నమ్మింది. బళ్ళో కూడా అలాగే చెప్పుకుంది. తాయారమ్మ గారికి మాత్రం ఇది బొత్తిగా నచ్చలేదు. “కువైట్ నుంచి వచ్చేవాడు పెట్టెతో రావాలే. మీవాడు ఏం పట్టుకొస్తాడు?” అనేవారు. అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం అనుకునేదాన్ని.

ఆ అప్పుడు రానే వచ్చింది. పద్మ ఆరో తరగతిలో ఉండగా ఆయన విడుదలయ్యాడు. నేను వెళ్ళి తీసుకొచ్చాను. బస్సులో బ్రిడ్జి మీద వస్తున్నంతసేపూ ఆయన కిటికీలోంచి నీళ్ళనే చూస్తున్నాడు, నేను ఆయన చేతులు చూస్తున్నాను. సన్నబడ్డాయి. ఇంటికి వచ్చేసరికి పద్మ గుమ్మంలో ఉంది. ఆయన చంకలో ఒక గుడ్డసంచీ తప్ప ఏమీ లేదు. పిల్ల ఆ సంచీ వంక, ఆయన వెనక ఖాళీగా ఉన్న వీధి వంక చూసింది. “పెట్టె వెనకాల వస్తోందా అమ్మా?” అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపు ఆయనే చెప్పాడు.

“పెట్టె లేదమ్మా. నేను కువైట్‌లో లేను. జైల్లో ఉన్నాను.”

ఆ నిజాయితీకి నేను ఆయన్ని మెచ్చుకోవాలి. అప్పుడు మాత్రం ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది. పద్మ లోపలికి వెళ్ళి పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజునుంచి ఆయన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. ఆయన గదిలోకి వస్తే బయటకి వెళ్ళేది. ఆయన కంచం పట్టుకుని గోడవైపు తిరిగి గబగబా తినేవాడు, ఎవరో లాక్కుంటారన్నట్టు. నేను ఏది అడిగినా “ఆయ్” అనేవాడు. కట్టుకున్న పెళ్ళాంతో ఎవరైనా, పై అధికారితో అన్నట్టు, ఆయ్ అంటారా? నాకు ఒళ్ళు మండేది, ఏడుపూ వచ్చేది.

వారం తిరక్కుండానే అన్నయ్య వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు. “పరీక్షలవ్వగానే పద్మని తీసుకెళ్తాను. అతను ఉన్న ఇంట్లో ఆడపిల్ల ఉండటానికి వీల్లేదు. అక్కడే చదివిస్తాను. నువ్వు కాదంటే దాన్నే అడుగు.” అడిగాను. పద్మ తల ఊపింది. వెళ్తానంది. అన్నయ్య చెడ్డవాడు కాదు. నన్నూ పిల్లనీ కళ్ళలో పెట్టుకుని చూశాడు. అందుకే ఆ మాట అంత బరువుగా తగిలింది. ఇన్నాళ్ళూ ఆయన వస్తే ముగ్గురం అవుతామని కాసుకుని కూర్చున్నాను. ఆయన రాగానే కూతురు వెళ్ళిపోతానంటోంది. పరీక్షలకి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి. ఈలోపు ఏదైనా చెయ్యాలి, ఏం చెయ్యాలో తెలియదు.

ఇంట్లో ఇంకొకటి జరిగింది. ఆయన వచ్చిన మర్నాడు నేను కత్తిపీట వేసుకుని వంకాయలు తరుగుతుంటే, ఆయన దాన్ని చూసి లేచి బయటికి వెళ్ళిపోయాడు. చాలాసేపు రాలేదు. ఆయన బాధ నాకు అర్థమైంది. కత్తిపీటని గోనెసంచీలో చుట్టి అటక మీద పెట్టేశాను. చిన్న చాకు కూడా దాచేశాను. కూరలు మెస్సులోనే తరిగి తెచ్చుకునేదాన్ని. ఆయనకి గుచ్చుకునేది ఏదీ కంటపడకుండా చూసుకుంటున్నానని, మంచి పని చేస్తున్నానని అనుకున్నాను.

ఒక సాయంత్రం తాయారమ్మ గారు నన్ను పెరట్లోకి పిలిచారు. గట్టుమీద కూర్చుని కాళ్ళు చాపుకుని, “మీ ఇంట్లో కత్తిపీట ఏమైందే?” అన్నారు.

“ఆయనకి చూస్తే బాధగా ఉంటోందండి పిన్నిగారూ. అటక మీద పెట్టేను.”

“నువ్వెందుకు పెట్టేవో నీకు తెలుసు. పద్మకేం తెలుసు? నిన్న నా దగ్గరకొచ్చి ఏమడిగిందో చెప్పనా? ‘మామ్మగారూ, మా అమ్మ కత్తిపీట దాచేసింది. అమ్మక్కూడా ఆయనంటే భయమే కదా’ అంది.”

ఆయన నొచ్చుకుంటాడని దాచాను. పిల్లకి కనిపించింది మరొకటి. ఆయన మళ్ళీ ఎవరినైనా కొడతాడేమోనని తల్లి కత్తులు దాస్తోంది! ఇంట్లోనే ఉన్న ఆయనకి అదెలా కనిపించిందో ఆలోచించే ధైర్యం నాకు లేకపోయింది. ఆవిడ నన్ను ఓదార్చలేదు. “రేపు పొద్దున్నే మీ ఆయన్ని తీసుకురా. పిల్లని కూడా. ఆదివారమే కదా” అన్నారు. ఎందుకని అడిగితే “పనుంది” అన్నారు.

మర్నాడు వెళ్ళేసరికి పెరట్లో చాప మీద లేత పనసకాయలు వరసగా పెట్టి ఉన్నాయి. పక్కన చెక్కదిమ్మ, దానిమీద పెద్ద కత్తి. మా గోదావరి వాళ్ళకి పనసపొట్టు కూరంటే ఎంత పిచ్చో చెప్పనక్కర్లేదు. ఆవ పెట్టి వండితే ఆ రోజు మెస్సులో రెండో బంతికి మిగలదు. కాయ పొట్టు కొట్టడం మాత్రం అందరికీ రాదు. పైన బొడిపెల తొక్క చెక్కేసి, కాయని ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో కత్తితో సన్నగా, వేగంగా కొడుతూ ఉండాలి. చేతులకీ కత్తికీ కాయకీ నూనె రాసుకోకపోతే జిగురు వదలదు. మెస్సుకి రోజూ ఒకతను వచ్చి కొట్టి వెళ్ళేవాడు.

“కొట్టేవాడు ఇవాళ రాలేదు. సత్యం, నువ్వు కొట్టాలి” అన్నారు తాయారమ్మ గారు.

మా ఆయన కత్తి వంక చూడలేదు. “నావల్ల కాదండి అమ్మగారూ” అన్నాడు.

“కొబ్బరిబొండాలు కొట్టినవాడివి. చేత కాకపోవడం ఏంటి?”

“చేతవునండి. ముట్టుకోలేనండి.”

“ముట్టుకోకుండా ఎన్నాళ్ళు? అన్నం వండాలన్నా, గడ్డి కొయ్యాలన్నా, రేపు కూతురికి మామిడికాయ కోసి పెట్టాలన్నా కత్తే కావాలి. ఒకరోజు ఆ చెయ్యి చెడ్డ పని చేసింది. శిక్ష వేసేరు, అనుభవించేవు. ఇప్పుడు దానికి ఇంకో పని చెప్పాలి. పని చెప్పకపోతే ఆ చెయ్యి ఆ ఒక్క పని దగ్గరే ఉండిపోద్ది.”

ఆయన కదలలేదు. తాయారమ్మ గారు పద్మని పిలిచారు. “నూనె గిన్నె పట్టుకురా. కాయకి నువ్వు రాయి. ఆ చివర కూచో. కాయ జారకుండా చూడు.” పద్మ నా వంక చూసింది. ఆ ముసలావిడ అవతల నిలబడి నా జవాబు కోసం చూస్తున్నారు. వెళ్ళమని తల ఊపాను. ఆ తల ఊపడం నా జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని. పిల్ల వెళ్ళి చాప అంచున కూర్చుని కాయకి నూనె రాయడం మొదలుపెట్టింది.

“నువ్విక్కడుండకు, లోపలికి రా. నీ మొహం చూస్తే గుమ్మడికాయ కూడా భయపడుద్ది” అని నన్ను వంటింట్లోకి లాక్కుపోయారు తాయారమ్మ గారు.

లోపల పప్పు కడుగుతున్నట్టు నటించాను. పెరట్లోంచి ఏ చప్పుడూ లేదు. కుండలో నీళ్ళు మరుగుతున్నాయి. ఆవిడ ఆవాలు నానబోస్తూ ఒక్కసారి కూడా కిటికీ వైపు చూడలేదు. కానీ ఆవాల గిన్నెలో నీళ్ళు పొర్లి నేలమీద పోతున్నా ఆవిడకి తెలియలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడకీ భయంగానే ఉందని. భయం లేక చేసిన పని కాదది. భయపడుతూనే చేశారు.

చాలాసేపటికి ఒక్క దెబ్బ వినిపించింది. మళ్ళీ ఏమీ లేదు. తర్వాత ఇంకొకటి. తర్వాత పద్మ గొంతు, బళ్ళో పంతులమ్మలాగా: “అలా కాదు, ఇటు తిప్పాలి. రోజూ వచ్చే ఆయన ఇటు తిప్పుతాడు.” ఆయన “ఆయ్” అన్నాడు. కూతురికి కూడా ఆయ్ అనేసరికి దానికి నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకాలే టకటకమని చప్పుడు మొదలై, ఇంక ఆగలేదు. నేను పొయ్యి దగ్గరకెళ్ళి ఏడ్చాను. పొగ అని తాయారమ్మ గారు ఎవరితోనో చెబుతున్నారు. రోజూ కొట్టేవాడు ఆ పొద్దున వచ్చాడని, ఆవిడే వెనక్కి పంపేశారని నాకు ఎన్నో రోజుల తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రమే కత్తిపీట అటక దిగింది. ఒక్క పనసకాయతో మా ఇల్లు బాగుపడిపోయిందని చెప్పను. పద్మ ఆయన్ని పిలవలేదు. ఆయన గోడవైపు తిరిగి తినడం మానలేదు. కానీ మర్నాటినుంచి పొద్దున్నే ఇద్దరూ ముందూ వెనకా నడుస్తూ మెస్సుకి వెళ్ళేవారు. పిల్ల బడి గంట కొట్టేవరకు నూనె రాసి, తొక్క ఏరి, పరుగెత్తేది. పరీక్షలు అలాగే రాసింది.

పరీక్షలైన మర్నాడు అన్నయ్య వచ్చాడు. పద్మ సంచీ సర్దుకుని మెస్సు గుమ్మంలో పెట్టుకుంది. దాని ఇష్టానికి వదిలేస్తానని నాకు నేనే మాటిచ్చుకున్నాను. తాయారమ్మ గారు అన్నయ్యని చూసి “భోజనాల వేళకి వచ్చేవు, తినకుండా వెళ్తే మా ఊరికి పరువు తక్కువ” అని హాల్లో కూర్చోబెట్టారు. పక్కనే పద్మని. అటూ ఇటూ రోజూ వచ్చేవాళ్ళు. నేను అన్నం వడ్డిస్తున్నాను. “సత్యం, కూర పట్టుకురా” అని లోపలికి కేకేశారు ఆవిడ.

మా ఆయన అంతవరకు హాల్లోకి అడుగు పెట్టలేదు. కూర గిన్నెతో వచ్చి, వరసలో వడ్డించుకుంటూ అన్నయ్య దగ్గరకొచ్చాడు. అన్నయ్య రెండు చేతులూ ఆకు మీద అడ్డంగా పెట్టాడు. తల ఎత్తలేదు. మా వైపు అలా ఆకు మీద చెయ్యి పెడితే వద్దని అర్థం. ఏదైనా ఎక్కువైతే పెడతారు. ఆ చెయ్యి అందుకు పెట్టింది కాదని హాలంతటికీ తెలిసింది. తినేవాళ్ళు ఆగిపోయారు. ఆయన గరిటె అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆ గిన్నె అక్కడే పడేసి ఆయన ఎటైనా వెళ్ళిపోతాడనుకున్నాను.

పద్మ అటు తిరిగి, “చెయ్యి తియ్యి మావయ్యా. ఆ కాయకి నూనె రాసింది నేను. తొక్క ఏరిందీ నేనే” అంది.

కోపంగా కూడా అనలేదు. తను చేసిన కూరని వద్దంటే ఊరుకునేది లేదన్నట్టు అంది. అన్నయ్య మేనకోడలి మొహం చూశాడు. ఆకు మీద చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. మా ఆయన వడ్డించాడు. కొంచెం ఆకు బయట పడింది. అన్నయ్య కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. నమిలి, “ఉప్పు తగ్గింది” అన్నాడు.

“ఉప్పు వేసింది నేను. తిడితే నన్ను తిట్టు” అన్నారు తాయారమ్మ గారు. హాల్లో ఎవరో నవ్వారు. మళ్ళీ అందరి చేతులూ ఆకుల్లోకి వెళ్ళాయి.

పెరుగన్నం దగ్గర పద్మ “ఈ సెలవలకి నేను రాను మావయ్యా. కాయలు చాలా ఉన్నాయి, ఈయనొక్కరికీ అవదు” అని చెప్పింది. అన్నయ్య ఆకు మడిచి లేచాడు. వెళ్ళేటప్పుడు మా ఆయన దగ్గర ఆగి, “వస్తాను బావా” అన్నాడు. కేసైన రోజునుంచి అన్నయ్య నోట ఆ పిలుపు నేను వినలేదు. నాన్నా అని పద్మ ఎప్పుడు పిలిచిందో మాత్రం నాకు గుర్తులేదు. ఏ పండగకో, ఏ జ్వరానికో అయి ఉంటుంది. ఎదురుచూడటం మానేశాక ఎప్పుడో వచ్చేసింది.

అన్నయ్య వెళ్ళిపోయాక, గిన్నెలు తోముతూ నేను ఏదో పాట కూనిరాగం తీస్తున్నాను. ఎన్నేళ్ళకి! తాయారమ్మ గారు వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. చేతులు పట్టుకుని “మీ రుణం తీర్చుకోలేనండి” అన్నాను. ఆవిడ చేతులు విడిపించుకున్నారు.

“మీ ఆయన ఇంటికొచ్చేడు. ఆ బోదె దగ్గర పోయినవాడు రాడు. వాడికీ పెళ్ళాం ఉంది, వాడి పిల్లలూ ఎక్కడో అన్నం తింటున్నారు. సంతోషపడొద్దనట్లేదే. పడు. ఇంత కష్టపడ్డావు, పడకపోతే ఎలా? వాళ్ళని మరిచిపోయి మాత్రం సంతోషపడకు.”

ఆ మాట అన్నందుకు అప్పుడు కష్టంగా అనిపించింది. ఆ ఒక్క రోజైనా నన్ను వదిలేయొచ్చు కదా అనుకున్నాను. ఆవిడ పోయి చాలా ఏళ్ళైంది. మెస్సూ లేదు. మా ఆయన ఆ తర్వాత కూలీకి వెళ్ళాడు, కౌలూ చేశాడు, పద్మ పెళ్ళి చేశాడు. ఇప్పుడు మనవలకి కథలు చెబుతాడు. ఆదివారాలు పద్మా వాళ్ళూ వస్తే అందరం కూర్చుని తింటాం, ఒకరినొకరు ఆటపట్టించుకుంటాం, నవ్వుతాం. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో ఆవిడ మాట గుర్తొచ్చి నేను ఒక్క క్షణం ఆగుతాను. తల ఎత్తి చూస్తే ఆయనా ఆగి ఉంటాడు. పిల్లలెవరో పెరుగు అడుగుతారు. ఆయన లేచి వడ్డిస్తాడు.